రైఫిల్ ఛాసిస్: బరువు లెక్క, సర్దుబాటు లెక్క

ఛాసిస్ అనే మాట తెలుగువాళ్లకు లారీలతో పరిచయమైంది. ఇంజనూ చక్రాలూ ఉన్న ఉక్కు చట్రం విజయవాడ ఆటోనగర్‌కు చేరితే, దాని మీద క్యాబిన్, తొట్టి అక్కడి షెడ్లలో కడతారు. లోడు మోసేదీ, రోడ్డు దెబ్బలు తట్టుకునేదీ చట్రమే. పైన కట్టేది మాత్రం సరుకును బట్టి, ఓనరు అవసరాన్ని బట్టి మారుతుంది. దూరపు గురి పోటీల రైఫిళ్లలో కూడా ఛాసిస్ అంటే దాదాపు ఇదే. గొట్టాన్నీ, తూటాను లోపలికి తోసి మూసే బోల్టునూ పట్టి ఉంచే యాక్షన్ అనే ఉక్కు భాగాన్ని అల్యూమినియంతోనో మెగ్నీషియంతోనో చేసిన చట్రంలో బిగిస్తారు. భుజానికి ఆనే మడమ, చెంప ఆనే పలక, చేతి పిడి, ముందు వైపు పట్టా అన్నీ ఆ చట్రానికి తగిలించి, షూటర్ ఒంటికి తగ్గట్టు జరుపుకుంటారు.

ఏ ఛాసిస్ మంచిదని పోల్చేవారు సాధారణంగా రెండు అంశాలు చూస్తారు: బరువెంత, ఎన్ని సర్దుబాట్లున్నాయి. ఈ రెండింటినీ విడివిడిగా లెక్కిస్తే పోలిక మొదట్లోనే దారి తప్పుతుంది. ప్రతి సర్దుబాటుకూ ఒక కీలు, ఒక మర, కొన్ని గ్రాముల లోహం కావాలి. అంటే సర్దుబాటు పెరిగితే బరువు పెరుగుతుంది, అది కూడా ఎక్కువగా వెనుక భాగంలో పెరుగుతుంది. మరోవైపు, సరిగ్గా అమర్చిన ఒక సర్దుబాటు అర కిలో బరువు చేసే పనిని కొద్ది గ్రాములతోనే చేయగలదు. కాబట్టి ఆ బరువు రైఫిల్ పొడవునా ఎక్కడ కూర్చుంది, ఆ సర్దుబాటు వందో గుండు తరువాత కూడా పెట్టిన చోటే నిలిచిందా అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

ఈ చట్రాల చరిత్ర ఒలింపిక్ షూటింగ్‌తో ముడిపడి ఉంది. బ్రిటిష్ షూటర్ మాల్కమ్ కూపర్ 1984 లాస్ ఏంజెలెస్, 1988 సియోల్ ఒలింపిక్స్ రెండింటిలోనూ 50 మీటర్ల మూడు భంగిమల రైఫిల్ పోటీలో స్వర్ణం గెలిచాడు. ఆయన 1978లో మరికొందరితో కలిసి స్థాపించిన అక్యురసీ ఇంటర్నేషనల్ సంస్థ రూపొందించిన రైఫిల్‌ను 1980లలో బ్రిటిష్ సైన్యం ఎల్96 పేరుతో తీసుకుంది. దాని లోపల నిలువునా ఒక అల్యూమినియం చట్రం ఉండేది. యాక్షన్ దానికే బిగించి ఉండేది. బయట కనిపించే ప్లాస్టిక్ స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) కేవలం రెండు పక్కల తొడుగు. అదే ఆలోచనను ఆ సంస్థ తరువాత రెమింగ్టన్ 700 వంటి ఇతర యాక్షన్‌లకు సరిపడే విడి ఛాసిస్‌గా అమ్మింది. ఈ రోజు అమెరికా, కెనడాల్లో తయారయ్యే బోల్టు రైఫిల్ ఛాసిస్‌లలో అధిక భాగం ఆ ఛాసిస్‌లో తూటాలు నింపే పెట్టెను, అంటే మ్యాగజైన్‌నే ప్రమాణంగా పెట్టుకున్నాయి.

చెక్క స్టాక్‌ను పక్కకు నెట్టడానికి మూల కారణం బరువు కాదు. వాల్‌నట్ చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మన ఇళ్లలో వానాకాలం తలుపు బిగుసుకున్నట్టే స్టాక్ కూడా ఒంగి గొట్టానికి తగలవచ్చు. అలా తగిలిన రోజున నిన్నటి గురి ఇవాళ ఉండదు. యాక్షన్ కూర్చునే చోట చెక్కను తొలిచి, ఎపాక్సీ పోసి, గట్టిపడ్డాక సరిచూసుకోవడం పాత పద్ధతి. ఛాసిస్‌లో ఆ చోటును యంత్రంపై వి ఆకారంలో కోసి ఇస్తారు కాబట్టి రెండు మరలు బిగిస్తే సరిపోతుంది. చాలామంది తయారీదారులు చెప్పే బిగింపు 65 అంగుళ-పౌండ్లు, అంటే సుమారు 7.3 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకుండా చేతి అంచనాతో బిగించేవారికి ఛాసిస్ ఇచ్చే ప్రయోజనంలో సగం అక్కడే పోతుంది.

ఇక బరువు ఏం చేస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. .308 తూటాలో 11.3 గ్రాముల బుల్లెట్ సెకనుకు 790 మీటర్ల వేగంతో బయటికి వస్తుందనుకుందాం. దాని వెనుక సుమారు 2.8 గ్రాముల మందు వాయువుగా మారి సెకనుకు 1,200 మీటర్ల వేగంతో వెలువడుతుంది. ఈ రెండింటి ద్రవ్యవేగం కలిపితే సుమారు 12.3 కిలోగ్రాం-మీటర్లు ప్రతి సెకనుకు. అంతే ద్రవ్యవేగం రైఫిల్‌కు వెనుక దిశలో రావాలి. వేటకు తీసుకువెళ్లే 4.5 కిలోల రైఫిల్ అయితే సెకనుకు 2.7 మీటర్ల వేగంతో, దాదాపు 17 జౌళ్ల శక్తితో భుజాన్ని తంతుంది. అదే తూటాను 8.25 కిలోల రైఫిల్‌లో పేల్చితే వేగం 1.5 మీటర్లకు, శక్తి 9 జౌళ్లకు పడిపోతుంది. ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. బుల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే తేలిక రైఫిల్ సుమారు 1.7 మిల్లీమీటర్లు, బరువైనది ఒక మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ వెనక్కి జరిగిపోతాయి. ఆ మిల్లీమీటరు ప్రయాణం తిన్నగా సాగితే నష్టం లేదు. భుజం సరిగ్గా ఆనక పక్కకో పైకో మళ్లితే ఆ తేడా గుండు పడే చోట కనిపిస్తుంది.

8.25 కిలోలన్న అంకె ఊరికే తీసుకున్నది కాదు. ఎఫ్-క్లాస్ పోటీల్లో ఎఫ్-టీఆర్ విభాగానికి బైపాడ్‌తో (ముందు వైపు ఆనే రెండు కాళ్ల ఆధారంతో) సహా అనుమతించే గరిష్ఠ బరువు అది. ఓపెన్ విభాగానికి 10 కిలోలు. ఈ పోటీల్లో షూటర్ బోర్లా పడుకొని, ముందు ఆధారం మీద, వెనుక ఇసుక సంచి మీద రైఫిల్‌ను ఉంచి, రోజంతా అదే భంగిమలో కాలుస్తాడు. ఇలాంటి చోట సర్దుబాట్ల జాబితా పొడుగ్గా ఉండి లాభం లేదు. చెంప పలకనూ మడమనూ ఒక్కసారి కుదుర్చుకుంటే ఆ సీజనంతా వాటిని తాకవలసిన పని ఉండదు. రైఫిల్ వెనక్కి వచ్చేటప్పుడు రైలు పట్టాల మీద వచ్చినట్టు తిన్నగా రావడం, బరువు వీలైనంత కిందికి ఉండడం ఇక్కడ ముఖ్యం. పది చోట్ల కదిలే మడమ కంటే కదలని, అడుగు సమతలంగా ఉన్న మడమే ఈ పనికి మేలు.

అమెరికాలో 2012లో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీల స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ షూటర్ చెక్క అడ్డంకి మీద నుంచో, టైరు మీద నుంచో, నిచ్చెన మెట్టు మీద నుంచో రెండు నిమిషాలకు మించని గడువులో పది గుళ్లు పేల్చాలి. కాల్చిన గుండు ఎక్కడ పడిందో స్కోప్ అనే గురి దుర్బిణిలోంచి తానే చూసుకుని గాలి అంచనాను సరిదిద్దుకోవాలి. 600 మీటర్ల లక్ష్యాన్ని చేరడానికి బుల్లెట్‌కు ముప్పాతిక సెకనుకు పైగా పడుతుంది. ఈలోగా రైఫిల్ తన్ను ముగిసి, స్కోప్‌లో లక్ష్యం మళ్లీ నిలవాలి. ఈ ఒక్క అవసరం ఈ పోటీల రైఫిళ్లను బరువెక్కించింది. సెకనుకు 870 మీటర్ల వేగంతో 6.8 గ్రాముల బుల్లెట్‌ను పంపే 6 మిల్లీమీటర్ల తూటాను 9 కిలోల రైఫిల్‌లో పేల్చితే తన్ను శక్తి 4 జౌళ్లకు లోపే. అందుకే అక్కడ 9 నుంచి 11 కిలోల రైఫిళ్లు ఇప్పుడు మామూలయ్యాయి. తూటాను చిన్నది చేసి, రైఫిల్‌ను బరువు చేసి, తన్నును రెండు వైపుల నుంచీ తగ్గించారన్నమాట.

ఒకే కంపెనీ చేసే రెండు ఛాసిస్‌లను పక్కపక్కన పెడితే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. కెనడాకు చెందిన ఎండీటీ సంస్థ హెచ్‌ఎన్‌టీ26 పేరుతో ఒక ఛాసిస్ అమ్ముతుంది. మెగ్నీషియం, కార్బన్ ఫైబర్‌లతో చేసిన దాని బరువు 26 ఔన్సులు, అంటే సుమారు 740 గ్రాములు. పేరులోని అంకె అదే. అదే సంస్థ పోటీల కోసం చేసే ఏసీసీ ఛాసిస్ అదనపు బరువులేవీ వేయకముందే రెండున్నర కిలోల దగ్గర ఉంటుంది. పైగా ముందు పట్టా లోపల, పక్కల, మడమ కింద దిమ్మెలు బిగించుకోవడానికి చోట్లు వదిలి ఉంటుంది. ఒకదానిలో ఇంజనీర్లు ప్రతి గ్రామునూ చెక్కి తీసేశారు. రెండోదానిలో గ్రాములు చేర్చుకునే ఏర్పాటు చేశారు. వీటిలో ఏది మంచిదని అడగడం ట్రాక్టరు మంచిదా మోటారు సైకిలు మంచిదా అని అడగడం లాంటిది.

తేలిక ఛాసిస్‌కు అర్థం ఎక్కడుందంటే, బరువుకు పరిమితి ఉన్న పోటీల్లో ఉంది. అమెరికాలోని ఎన్‌ఆర్‌ఎల్ హంటర్ పోటీల్లో తేలిక విభాగం పరిమితి 12 పౌండ్లు, అంటే 5.44 కిలోలు, భారీ విభాగానికి 16 పౌండ్లు. స్కోప్‌తో కలిపి 5.44 కిలోల్లో అన్నీ ఇమడాలంటే, ఛాసిస్‌లో మిగిల్చిన ప్రతి వంద గ్రాములనూ గొట్టంలో పెట్టుకోవచ్చు. మందమైన గొట్టం నెమ్మదిగా వేడెక్కుతుంది, వరుసగా కాల్చినా గురి చెదరదు. అంటే తేలిక ఛాసిస్ కొనేవారు నిజానికి బరువు తగ్గించుకోవడం లేదు. దాన్ని పనికొచ్చే చోటికి మార్చుకుంటున్నారు.

లోహం ఎంపిక ఇక్కడే తేలుతుంది. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, మెగ్నీషియం మిశ్రమాలది 1.8, కార్బన్ ఫైబర్‌ది 1.6 ప్రాంతం. అయితే మెగ్నీషియం దృఢత్వం అల్యూమినియంలో మూడింట రెండు వంతులే ఉంటుంది. బైపాడ్ కాళ్లను నేలకు తన్ని పెట్టి భుజంతో ముందుకు నెట్టే అలవాటున్న షూటర్ చేతిలో పలచని ముందు పట్టా పైకి ఒంగుతుంది. పట్టాకూ గొట్టానికీ మధ్య కాగితం దూరేంత సందు ఉందని కొట్లో చూసి సంతృప్తి పడితే చాలదు. బైపాడ్ మీద బరువు మోపినప్పుడు ఆ కాగితం ఇంకా కదులుతోందా అన్నది చూడాలి.

బరువు ఎక్కడ ఉండాలన్నది ఇంకా లోతైన విషయం. భుజం మీద కావడి మోసేవాణ్ని గమనించండి. రెండు కొసలా బిందెలు వేలాడుతుంటే ఒక్కసారిగా పక్కకు తిరగలేడు. అవే బిందెలను చంకలో పెట్టుకుంటే సులువుగా తిరగగలడు. మోసే బరువు ఒకటే, తిరిగే తీరు వేరు. భౌతిక శాస్త్రంలో జడత్వ భ్రామకం అనేది ఇదే. అది దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రైఫిల్ తూగే చోటు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో అర కిలో దిమ్మె పెడితే వచ్చే ప్రభావం కంటే, అదే దిమ్మెను 50 సెంటీమీటర్ల దూరంలో గొట్టం కొన వైపు పెడితే వచ్చే ప్రభావం 25 రెట్లు. అలా పెట్టిన రైఫిల్ చిన్నచిన్న వణుకులకు లొంగదు. కానీ ఒక లక్ష్యం నుంచి మరో లక్ష్యానికి తిప్పాలంటే మొరాయిస్తుంది, తూగే చోటు కూడా ముందుకు జరిగిపోతుంది.

అడ్డంకుల మీద నుంచి కాల్చేవారికి తూగే చోటు ప్రాణం. మ్యాగజైన్‌కు కాస్త ముందు ఇసుక సంచిని అడ్డంకి మీద పెట్టి, దానిపై రైఫిల్‌ను దించి చేతులు వదిలేస్తే, కొన కిందికి వాలకుండా, మడమ జారకుండా అది నిలవాలి. అలా నిలిచిన రైఫిల్‌ను పట్టి ఉంచడానికి కండ అవసరం ఉండదు. వేలు ట్రిగ్గర్ పని మాత్రం చూసుకుంటుంది. బరువైన గొట్టం, తన్నును తగ్గించడానికి కొనకు తగిలించిన బ్రేకు, పెద్ద స్కోప్ అన్నీ కలిసి ఈ చోటును ఎటు లాగుతాయో ముందే తెలియదు కాబట్టి, దిమ్మెలను ముందుకూ వెనక్కూ మార్చుకునే వీలున్న ఛాసిస్ అందరికీ ఒకే చోట స్థిరంగా బరువు పెట్టిన ఛాసిస్ కంటే ఎంతో ఉపయోగం. ఈ కోణంలో చూస్తే బరువును జరుపుకోవడం కూడా ఒక సర్దుబాటే. నిజానికి అన్నిటికంటే విలువైనది.

శరీరానికి సంబంధించిన సర్దుబాట్లకు వస్తే, ట్రిగ్గర్ నుంచి మడమ పలక వరకు ఉండే దూరం మొదటిది. కర్మాగారం నుంచి వచ్చే మామూలు రైఫిళ్లలో ఇది సుమారు 13.5 అంగుళాలు. పొట్టి చేతులవాళ్లకు అది ఎక్కువై, మెడ చాచి స్కోప్‌ను అందుకోవలసి వస్తుంది. చెంప పలక ఎత్తు రెండోది. స్కోప్ పెద్దదైతే అది గొట్టానికి పైన ఎత్తుగా కూర్చుంటుంది. చెంపకు ఆధారం దొరకకపోతే కన్ను ఒక్కోసారి ఒక్కో చోట ఉండి, పారలాక్స్ వల్ల గురి గీత లక్ష్యం మీద తేలిపోతున్నట్టు కనిపిస్తుంది. పలకను పైకి లేపిన కొద్దీ మరో ఇబ్బంది ఎదురవుతుంది. గుండు పేల్చి బోల్టును వెనక్కి లాగితే అది పలక ముందంచుకు తగిలి ఆగుతుంది. ఖాళీ తూటా పూర్తిగా బయటికి రాదు. అందుకే మంచి ఛాసిస్‌లలో పలకను పైకి లేపడంతో పాటు వెనక్కి జరిపే వీలు, ముందంచులో బోల్టు దూరే గాడి ఉంటాయి. కొనేముందు పలకను తనకు కావలసిన ఎత్తులో పెట్టి బోల్టును పూర్తిగా లాగి చూడని కొనుగోలుదారుకు ఈ లోపం రేంజికి వెళ్లాకే తెలుస్తుంది.

మడమ పలకను పైకీ కిందికీ జరపడం మూడోది; ఇది చాలామంది పట్టించుకోనిది. గొట్టం గీత భుజం ఆనే చోటుకు పైన ఉంటే, తన్ను వచ్చినప్పుడు రైఫిల్ వెనక్కి రావడంతో పాటు కొన పైకి లేస్తుంది, లక్ష్యం స్కోప్‌లోంచి తప్పిపోతుంది. మడమ పలకను రెండు సెంటీమీటర్లు పైకి జరిపి గొట్టం గీతకు దగ్గర చేస్తే ఆ తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. కొన లేస్తోందని ముందు పట్టాకు దిమ్మెలు బిగించేవారు ముందు ఈ మరను విప్పి చూడాలి.

సర్దుబాటు అసలు విలువ తెలియాలంటే మళ్లీ ఒలింపిక్ రేంజికే వెళ్లాలి. 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో మోకాలి మీద, బోర్లా పడుకొని, నిలబడి 20 చొప్పున గుళ్లు కాల్చాలి. లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. పురుషుల రైఫిల్‌కు బరువు పరిమితి 8 కిలోలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. భంగిమ మారిన ప్రతిసారీ మడమ ఎత్తు, పొడవు, చెంప పలక, ముందు చేతి ఆధారం మార్చుకోవాలి, గడియారం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ స్టాక్‌ల మీద మిల్లీమీటరు గీతలు చెక్కి ఉంటాయి. షూటర్ ప్రతి భంగిమకూ తన అంకెలను రాసి పెట్టుకుంటాడు. నిన్నటి అంకె దగ్గర పెట్టి మర బిగిస్తే నిన్నటి స్థానం కచ్చితంగా రాకపోతే ఆ సర్దుబాటు ఉన్నా లేనట్టే. బిగించిన తరువాత చేత్తో ఊపితే సన్నగా కదిలే కీలు, అసలు కీలే లేని స్టాక్ కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బరువు ప్రశ్న తలకిందులవుతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన పోటీ ఇది; ఇందులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, రైఫిల్ బరువు పరిమితి 5.5 కిలోలు. అర గ్రాము గుళిక సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళితే రైఫిల్‌కు వచ్చే వెనుక వేగం సెకనుకు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. తన్ను లేదు కాబట్టి ఇక్కడ బరువు పని వణుకును అణచడం ఒక్కటే. షూటర్ ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, రైఫిల్ భారం కండల మీద కాకుండా ఎముకల మీదుగా నేలకు దిగేలా నిలబడతాడు. ఎదిగే వయసు పిల్లల చేతికి పరిమితి అంచు దాకా దిమ్మెలు వేసిన రైఫిల్ ఇస్తే ఆ భారమంతా వెన్ను వంపు మీద పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆటలోకి వచ్చే పిల్లలు ఎక్కువగా ఎయిర్ రైఫిల్‌తోనే మొదలుపెడతారు కాబట్టి, ముందు మడమ పొడవు, చెంప ఎత్తు కుదిర్చి, వీలైనంత తేలికగా మొదలుపెట్టి, నిలకడ వచ్చిన కొద్దీ యాభై, వంద గ్రాముల చొప్పున చేర్చుకుంటూ పోవడమే సరైన క్రమం.

తయారీదారులు ప్రకటించే బరువును యథాతథంగా పోల్చడం కూడా ప్రమాదమే. ఆ అంకెలో కొందరు చేతి పిడిని కలుపుతారు, కొందరు కలపరు. మడమను మడిచే కీలు, ముందు పట్టా కింద బైపాడ్ వంటివి బిగించే ఆర్కా పట్టీ, మ్యాగజైన్ విడిగా లెక్కకొస్తాయి. కేఆర్‌జీ సంస్థ బ్రావో ఛాసిస్ 2.9 పౌండ్లు, అంటే 1.3 కిలోలు. లోపల అల్యూమినియం వెన్ను, బయట ప్లాస్టిక్ తొడుగు ఉన్న ఈ రకానికీ పైన చెప్పిన రెండున్నర కిలోల రకానికీ మధ్య కాగితం మీద కనిపించే తేడా, రెండింటికీ కావలసిన సామగ్రి తగిలించాక ఎంతో కొంత మారకుండా ఉండదు. పోల్చదలచినవారు స్కోప్, బైపాడ్, మ్యాగజైన్‌తో సహా పూర్తిగా తొడిగిన ఖాళీ రైఫిల్‌ను తూచి, తరువాత దాన్ని గుండ్రని కర్ర మీద అడ్డంగా నిలిపి తూగిన చోట పట్టా మీద పెన్సిల్‌తో గీత గీయాలి. మ్యాగజైన్ ముందంచు నుంచి ఆ గీత వరకు ఉన్న సెంటీమీటర్లను మొత్తం బరువు పక్కన రాసుకుంటే, రెండు ఛాసిస్‌ల మధ్య పోలికకు పనికొచ్చే అంకెలు అప్పటికి రెండు చేతికొస్తాయి.